వాన మీద పుట్టినరోజు

వీడియో క్యాసెట్లను ఫోనులోకి ఎక్కించే దుకాణం ఇంకా ఒకటి మిగిలి ఉందని మా అమ్మాయి ప్రియే కనుక్కుంది. ప్రియ సౌదీలోని అల్ ఖోబార్‌లో పళ్ల డాక్టరు. విజిట్ వీసా మీద ఈసారి దాని దగ్గరికి వస్తూ, బాపట్ల ఇంట్లో బీరువా అడుగున చీరల కింద పడి ఉన్న క్యాసెట్టు ఒకటి సంచిలో వేసుకొచ్చాను. అందులో ప్రియ మొదటి పుట్టినరోజు ఉంది. ఈ ఖోబార్‌లోనే, అప్పటి మా రెండు గదుల ఇంట్లో జరిగింది. తీసింది వాళ్ల నాన్న సుధాకర్. కెమెరా ఆయన భుజం మీదే ఉంది కాబట్టి మనిషి ఎక్కడా కనపడరు, గొంతు మాత్రం వినపడుతుంది. ఆయన పోయిన తర్వాత ఆ గొంతు ఉన్నది ఆ క్యాసెట్టులోనే. దుకాణం నుంచి ఫోనులోకి వచ్చిన రోజు తల్లీ కూతుళ్లం సోఫాలో పక్కపక్కన కూర్చుని చూశాం. కేకు కోశాం, పిల్ల ఏడ్చింది, ఆయన నవ్వారు, బొమ్మ ఆగిపోయింది. ఎప్పుడు చూసినా అక్కడితో కట్టేసేవాళ్లం. నేను కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లాను. ప్రియ అక్కడి నుంచే కేకేసింది. "అమ్మా, ఇంకా ఉందిది. చివర్లో ఏదో వాన పడుతోందే! మనింట్లో వానేంటి?"

వచ్చి చూశాను. రేకుల ఇళ్ల మధ్య సన్నటి సందు, మోకాలి లోతు నీళ్లు, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడుతున్న ఆడమనిషి. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. ఆ భాష నాకు రాదు. కానీ పెళ్లికి ముందు నాలుగైదేళ్లు రోజూ చెవిన పడిన భాష. ఎవరి వాన అది అన్నది చూడగానే తెలిసిపోయింది. దాన్ని తీసిన మనిషికి నేను పెట్టుకున్న పేరే వాన డైరెక్టరు. క్యాసెట్టు తిరగేసి చూస్తే వెనకవైపు, చెరిపెయ్యకుండా కాపాడడానికి చిన్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టిన చోట, ఆస్పత్రి ప్లాస్టరు అంటించి ఉంది. పసుపుపచ్చగా మారింది గానీ అంచు లేవలేదు. ఆ ముక్క విరగ్గొట్టారంటే, దీని మీద ఇంకేదీ ఎక్కించొద్దని ఎవరో గట్టిగా అనుకున్నారన్నమాట. ఆ చోటు ప్లాస్టరుతో మూసి మేం ఎక్కించాం. ఆయన గొంతు విన్న సంతోషమంతా అక్కడితో అయిపోయింది.

వాన డైరెక్టరు సంగతి చెప్పాలంటే నర్సుల హాస్టలు సంగతి చెప్పాలి. అప్పట్లో సౌదీలో సినిమా హాలన్న మాటే లేదు. ఆస్పత్రి వెనక మూడంతస్తుల హాస్టల్లో మమ్మల్ని పెట్టి, కింద గేటుకి తాళం వేసేవాళ్లు. తాళం చెవి ముదీరా నడుముకి వేలాడేది. ముదీరా అంటే మా మీద పెత్తనం చేసే ఈజిప్టు ఆవిడ. వారానికోసారి బస్సెక్కించి బజారుకి తీసుకెళ్లి, లెక్కపెట్టుకుని తిరిగి తెచ్చేది. మా అంతస్తులో అందరూ ఫిలిపీన్స్ పిల్లలే. వాళ్ల మధ్య నేనొక్కదాన్ని తెలుగుదాన్ని. వచ్చిన కొత్తలో ఏడుస్తూ పడుకునేదాన్ని. ఒక శుక్రవారం పొద్దున ఎండుచేపలు వేగుతున్న వాసన తగిలి లేచాను. మా ఊరి పక్క సూర్యలంక తీరం వాసన. తలుపుల కిందా కిటికీ సందుల్లోనూ తడి తువాళ్లు కుక్కి, ముదీరా ముక్కుకి అందకుండా, పెద్దావిడ ఒకావిడ దొంగతనంగా చేపలు వేయిస్తోంది. నన్ను చూసి బెదరలేదు. పళ్లెంలో ఇంత వెల్లుల్లి అన్నం, రెండు చేపలు వేసి, మూకుడులోంచి చూపు తిప్పకుండానే నా చేతికిచ్చింది. ఆవిడే ఆతె రోసా. ఆతె అంటే వాళ్ల భాషలో అక్క. ఆ హాస్టలంతటికీ ఆవిడే అక్క.

మేమిద్దరం మాట్లాడుకునేది ఆస్పత్రి ఇంగ్లీషు, మధ్యమధ్యలో నాలుగు అరబ్బీ ముక్కలు. ఇక్కడ నా తెలుగులోనే రాస్తాను. ఆతె పద్ధతి గల మనిషి. గురువారం యూనిఫారాలు నానబెట్టడం, గంజి పెట్టడం, టోపీలు ఇస్త్రీ చెయ్యడం, చిన్నవాళ్ల గోళ్లు చూడడం. ప్లాస్టరు ముక్క కత్తిరిస్తే నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి గానీ అంటించేది కాదు. "మూల ఉంటే గుడ్డకి తగిలి లేస్తుంది. గుండ్రంగా ఉంటే రోగితో పాటు ఇంటికెళుతుంది" అని నా చేత ఎన్ని ముక్కలు కత్తిరించిందో! నాకు మాత్రం ఆ ఓపిక ఎప్పుడూ రాలేదు. చటుక్కున చింపి అంటించేదాన్ని.

వాళ్ల రాజధానిలో క్రిస్మస్ రోజుల్లో సినిమాల పండగ జరుగుతుందట. ఆ కొన్నాళ్లూ హాళ్లన్నిట్లో వాళ్ల సినిమాలే ఆడతాయట. బయటి దేశాల బొమ్మ ఒక్కటి కూడా వెయ్యరట. ఊరేగింపులు, బండ్ల మీద హీరోయిన్లు, తమ హీరోకి ప్రైజు రాకపోతే అన్నాలు మానేసే ఆడవాళ్లు. మా హాస్టలు పిల్లలు అదంతా పోగొట్టుకుని ఇసకలోకి వచ్చిపడ్డారు. అందుకని సెలవుకి వెళ్లిన వాళ్లు వస్తూ వస్తూ ఆ సినిమాలను క్యాసెట్ల మీద తెచ్చేవాళ్లు. విమానాశ్రయంలో సినిమా అని తెలిస్తే లాక్కుంటారు కాబట్టి ఒక్కదాని మీద కూడా అసలు పేరు రాసేవాళ్లు కాదు. 'చెల్లెలి పెళ్లి', 'బాప్తిస్మం', 'ప్రసూతి వార్డు పాఠాలు' అని రాసేవాళ్లు. ఇస్త్రీ గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, శుక్రవారం మధ్యాహ్నాలు మేం హాస్టలు పండగ జరుపుకొనేవాళ్లం. ప్రతి ఏడూ చివర ప్రైజులు ఉండేవి. ప్రైజంటే అనాసముక్కల డబ్బా. గెలిచినవాళ్లు ఎక్కడో వాళ్ల దేశంలో ఉంటారు కాబట్టి, పేరు చదివి మేమే తినేసేవాళ్లం.

ప్రైజులు ఎవరికివ్వాలన్న దగ్గర మొదట్లో జుట్లు పట్టుకునేవాళ్లు. సగం మంది ఒక హీరోయిన్ వైపు, సగం మంది ఇంకో హీరోయిన్ వైపు. ఆపరేషన్ థియేటర్లో కత్తెర అందించుకోవడం కూడా మానేశారు ఒకసారి. అప్పుడు ఆతె తీర్పు చెప్పింది. "గ్రేస్‌కి మన భాష రాదు, మన హీరోలెవరో తెలీదు. గ్రేసే జడ్జి. దానికి ఎవరూ ఏమీ చెప్పకూడదు, కథ కూడా. మొహాలు చూసి అదే చెబుతుంది." అలా నేను జడ్జినయ్యాను. ఇస్త్రీ బల్ల పక్కన నాకొక్కదానికే కుర్చీ. పేర్లు నోరు తిరగవు కాబట్టి నా పేర్లు నేను పెట్టుకున్నాను. చెంపదెబ్బల మేడం అని ఒకావిడ, ఎవరు ఎదురొచ్చినా చెయ్యెత్తేది. ఏడుపు మహారాణి అని ఇంకో ఆవిడ, ఒక కంటితో మాత్రమే ఏడవగలిగేది. తడి చొక్కా హీరో ఒకడు, చొక్కా ఆరిన సినిమా నేను చూడలేదు. డైరెక్టర్లలో పేదవాడలన్నీ తిరిగి తీసేవాడొకడు, దెయ్యాల వాడొకడు. అందరికంటే నాకు ఇష్టమైనవాడు వాన డైరెక్టరు. అతని ప్రతి సినిమాలోనూ ఎక్కడో అక్కడ కథ ఆగిపోయి వాన పడేది. బయట గాజుపొడిలాంటి ఎండలో, దుప్పట్లు కట్టిన గదిలో, ముప్పై మంది ఆడపిల్లలం నోరు మూసుకుని ఆ వాన చూసేవాళ్లం. ఎవరికి వాళ్ల ఊరి వాన. నేను బాపట్ల వాన చూసేదాన్ని.

ఇంతలో నాకు సుధాకర్‌తో పెళ్లయింది. ధహ్రాన్‌లో మీటర్లూ యంత్రాలూ బాగుచేసే ఉద్యోగం ఆయనది. హాస్టలు వదిలి ఖోబార్‌లో కాపురం పెట్టాం. వాన డైరెక్టరు తీసిన ఒక సినిమా క్యాసెట్టు మీద 'కట్లు కట్టే విధానం' అని రాసి ఉండేదని నాకు గుర్తుంది. ప్రియ పుట్టినరోజు క్యాసెట్టు మీద ఉన్నవీ ఆ మాటలే. ఆ రోజు ఆయన ఎవరో ఇంజనీరు దగ్గర కెమెరా అరువు తెచ్చారు. సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. తీరా చూస్తే ఖాళీ క్యాసెట్టు లేదు. సలా వేళ, అంటే నమాజు వేళ, కింద దుకాణాలన్నీ షట్టర్లు దించేశారు. పిల్ల నిద్రకి వచ్చి రాగం తీస్తోంది. వంటింట్లో నేను నూనెలో గారెలు వేసి చూస్తుండగా, "దొరికిందిలే గ్రేసూ, రా రా" అని ఆయన పిలుపు. వెళ్లాను. కెమెరాలోకి వెళుతున్న క్యాసెట్టు మీది మాటలు చదివాను. పాఠాలే కదా, పోతే పోయింది అనుకున్నాను. మా హాస్టల్లో నిజం రాసి ఉన్న క్యాసెట్టు ఒక్కటంటే ఒక్కటి కూడా లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ ఒక్క రోజూ రాసింది రాసినట్టు నమ్మాను. నమ్మితే నా పని జరుగుతుంది కాబట్టి నమ్మాను. ఎవరిది, ఎక్కడిది అని కూడా అడగలేదు.

ఇలా అనుకుంటూ అన్నం సయించక తిరుగుతున్న రోజుల్లోనే ఆతె ఫోను చేసింది. ఆవిడా విజిట్ వీసా మీదే వచ్చింది, దమ్మామ్‌లో కొడుకు దగ్గరికి. "గ్రేస్! ఖోబార్‌లో మా సినిమాల పండగట! మాల్‌లో, పెద్ద తెర మీద! మన కాలం సినిమాలట. జడ్జి రాకపోతే ఎలా?" అంది. అంత సంతోషంగా పిలిచిన మనిషికి ఫోనులో ఎలా చెప్పను? వస్తానన్నాను.

ఆతె, నేను వెళ్లాం. సౌదీలో సినిమా హాల్లో, మెత్తటి కుర్చీలో, ఆతె పక్కన కూర్చుంటానని ఆ రోజుల్లో ఎవరైనా చెబితే నవ్వేవాళ్లం. దుప్పటి కట్టనక్కర్లేదు, తలుపు కింద తువ్వాలు పెట్టనక్కర్లేదు. ముందు వరసల్లో కుర్ర నర్సులు పాప్‌కార్న్ తింటూ ఫోటోలు తీసుకుంటున్నారు. ఆతె సన్నబడింది, చేతికర్ర వచ్చింది. సినిమా మొదలయ్యే ముందు నిర్వాహకురాలు ఒకావిడ మైకు పట్టుకుంది. ఆ కాలం సినిమాల్లో చాలా వాటి రీళ్లు తేమకి చీకిపోయాయనీ, గల్ఫ్ దేశాల్లో పనిచేసిన వాళ్ల పెట్టెల్లో ఉన్న క్యాసెట్లే కొన్నిటికి దిక్కనీ, మీ ఇళ్లలో ఉంటే పాడైపోయినవైనా సరే తెచ్చివ్వమనీ అడిగింది. తెర మీద ఒక నమూనా చూపించింది. ముందు తెల్లటి గీతలతో మొహాలు ఆనని బొమ్మ, తర్వాత అదే బొమ్మ కడిగిన అద్దంలా. "అరిగిపోయి గీతలు పడ్డ వాటిని కూడా ఇప్పుడు ఇలా బాగుచేయగలుగుతున్నాం" అంది. ఇంకా దొరకని సినిమాల పేర్లు తెర మీద వేసింది. పోస్టర్లలో ఒకదాని మీద వాన. రేకుల ఇళ్లు, సన్నటి సందు. నా చేతిలో నీళ్ల సీసా జారి కింద పడింది. ఆతె ఆ పోస్టరు వంకే చూస్తోంది, సీసా సంగతి పట్టించుకోలేదు.

సినిమా అయ్యాక పై అంతస్తులో టీ తాగడానికి కూర్చున్నాం. ఇక ఆగలేకపోయాను. క్యాసెట్టు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. "ఆతె, ఆ వాన సినిమా దీంట్లో ఉండేది. నా కూతురి పుట్టినరోజు కోసం చెరిపేశాం. మొన్న ఫోనులోకి ఎక్కించాక చూస్తే చివర కాస్త వాన మిగిలింది. ఎవరి దగ్గర తీసుకున్నారో కూడా నేను అడగలేదు. నన్ను క్షమించు" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, క్యాసెట్టు తిప్పి, ప్లాస్టరుని బొటనవేలితో తడిమింది. "మూలలు చూశావా?" అంది.

చూశాను. నాలుగు మూలలూ గుండ్రంగా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ క్యాసెట్టు నా బీరువాలోనే ఉంది, ఒక్కసారి కూడా నా కంటికి ఆనలేదు.

"ప్లాస్టరు వేసింది నేనే గ్రేస్. ఇది నాదే. ఆ పుట్టినరోజుకి వస్తూ సుధాకర్‌కి చూపిద్దామని సంచిలో పెట్టుకొచ్చాను. యంత్రాలు బాగుచేస్తాడు కదా, గీతలు పోతాయేమో అడుగుదామని. చూసి, అరిగిపోయింది, ఇక లాభం లేదన్నాడు. తర్వాత కెమెరాకి క్యాసెట్టు లేదని తనే కంగారు పడుతున్నాడు. బిడ్డ ఏడుస్తోంది. ఖలాస్, ఇదెందుకూ పనికిరాదు కదా, ఇదిగో అన్నాను."

"గీతలెందుకు పడ్డాయి?"

"నేనే అరగదీశాను. ఒకే చోట. వెనక్కి తిప్పడం, ఆపడం, చూడడం. మీరందరూ డ్యూటీకి వెళ్లాక ఇస్త్రీ గదిలో కూర్చుని." టీ కప్పు అటూ ఇటూ జరిపింది. "వానలో గొడుగు పట్టుకుని వెళ్లే పిల్ల ఒకతి ఉంటుంది. మా లీతా. నా చెల్లెలు. వేషాల కోసం స్టూడియోల చుట్టూ తిరిగి తిరిగి సంపాదించుకున్న వేషం అదొక్కటే. ఆ మరుసటి ఏడు జ్వరమొచ్చి పోయింది. ఇంట్లో ఫోటోలు వరదకి పోయాయి. ఇది మిగిలింది."

అప్పుడు గుర్తొచ్చింది. చిన్న వేషానికి కూడా మా హాస్టల్లో ఒక ప్రైజు ఉండేది. ఆ సినిమా చూసిన ఏడు ఆ ప్రైజు నేను ఒక కుక్కకి ఇచ్చాను. వానలో గొడుగు పక్కన కుంటుకుంటూ నడుస్తుంది అది. ముప్పై మంది పగలబడి నవ్వారు. ఆతె కూడా నవ్వింది, డబ్బా మూత తీసి మొదటి ముక్క నాకే పెట్టింది. జడ్జికి ఎవరూ ఏమీ చెప్పకూడదన్న నియమం ఆవిడ పెట్టిందే, దాని మీదే నిలబడింది. ఆ గొడుగు పిల్ల ఎవరో మిగతా పిల్లలందరికీ తెలుసట.

"ఆ కుక్క..." అన్నాను.

"నువ్వు మంచి జడ్జివే. కుక్క నిజంగా బాగా చేసింది" అంది. నవ్వడానికి చూసింది, కుదరలేదు. "ఇందాక కింద ఆవిడ ఏమందో విన్నావు కదా. గీతలు తీసేస్తారట ఇప్పుడు. నేను కొంచెం ఓపిక పడితే సరిపోయేది గ్రేస్. సుధాకర్ కాదన్నాడని వదిలేశాను."

ఆయన్ని ఒక్క మాట అనలేదావిడ, నన్నూ అనలేదు. అంటే బాగుండు అనిపించింది. కిందికి వెళ్లి నిర్వాహకురాల్ని అడిగాను, అడుగున ఉన్న బొమ్మని పైకి తీసే ఉపాయం ఏదైనా ఉందా అని. క్యాసెట్టు మీద ఒకదాని మీద ఇంకొకటి ఎక్కితే కిందది ఉండదు మేడం, అందావిడ మర్యాదగా. చివర మిగిలిన వాన మాత్రం ఇవ్వగలరా అని అడిగింది. క్యాసెట్టే ఇచ్చేశాను. ప్రియ ఏమంటుందో తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

తిరిగి పైకి వచ్చేసరికి ఆతె ఒక్కతే కూర్చుని ఉంది. "నీ ఫోనులో ఉందన్నావుగా, చూపించు" అంది. గొడుగు పిల్ల అందులో లేకపోయినా చివరి వాన పెట్టబోయాను. "అది కాదు, మొదటి నుంచి" అంది. పెట్టాను. మా గది, కాగితం తోరణాలు, నా ఒళ్లో ప్రియ. సుధాకర్ గొంతు. "ఆఁ, ఎక్కుతోంది, ఎక్కుతోంది! అందరూ ఇటు చూడండి. గ్రేసూ, పాపని ఇటు తిప్పు." అందరూ కెమెరా వైపు చూశారు. గోడ వార కుర్చీలో కూర్చున్న ఆతె మాత్రం చూడలేదు. ఒళ్లో ఖాళీ క్యాసెట్టు డబ్బా ఉంది. దాని మీది అక్షరాలు ఒకసారి చదువుకుంది, బోర్లించి పెట్టుకుంది. తర్వాత తలెత్తి, అందరితో పాటు చప్పట్లు కొట్టి పాట పాడింది. ఈ పుట్టినరోజుని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ గోడ వైపు ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. నాకెప్పుడూ నా పిల్లే కనపడింది.

పాట అయ్యేదాకా ఆగి, "లీతా ఎలా ఉండేది ఆతె?" అని అడిగాను. ఆతె ఇంటివాళ్ల గురించి ఇన్నేళ్లకి నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "గొడుగు గుర్తుంది. నీలం గొడుగు. నడక గుర్తుంది. మొహం రావడం లేదు గ్రేస్. ఈమధ్య ఎంత ప్రయత్నించినా రావడం లేదు." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చూశావు కదా. నీ పనే మొహాలు చూడడం. నువ్వు చెప్పు."

కళ్లు మూసుకున్నాను. వాన వచ్చింది. సందు వచ్చింది, రేకుల మీద చప్పుడు వచ్చింది. ఏడుపు మహారాణి ఏడ్చే ఆ ఒక్క కన్నూ వచ్చింది. నీలం గొడుగు వచ్చింది. దాని పక్కన కుక్క వచ్చింది, ఎడమ చెవి వాలిపోయి, ముక్కు మీద మచ్చతో సహా. గొడుగు కింద ఎవరూ లేరు. ఆతె ఇంకా నా చెయ్యి వదల్లేదు, నేను కళ్లు తెరవలేదు.